నీళ్ల బాటిల్ మర్చిపోయిన రోజు

మంగళవారం. సెప్టెంబరు వచ్చినా జపాన్‌లోని మా యోకొహామాలో ఎండ తగ్గలేదు. పొద్దున్న పాపను బడిలో దింపి ఇంటికొచ్చి చూస్తే దాని నీళ్ల బాటిల్ వంటింటి గట్టు మీదే ఉంది. ఈ ఎండలో నీళ్లు లేకుండా ఎలా ఉంటుందో అని టెన్షన్ మొదలైంది. మళ్లీ చెప్పులేసుకుని బయల్దేరాను.

బడి ఉన్న యమతె గుట్ట ఎక్కుతుంటే అమ్మ ఫోన్ చేసింది. ఎప్పటిలాగే మొదటి ప్రశ్న, "పిల్ల కాన్వెంటుకి వెళ్లిందా?" మనవైపు ఇంగ్లీషు మీడియం ప్రైవేటు బడి ఏదైనా కాన్వెంటే కదా, ఎవరు నడిపినా సరే. ఇన్నాళ్లూ ఆ మాట వినీ వినీ వదిలేసేదాన్ని. కానీ కాన్వెంటంటే అసలు అర్థం క్రైస్తవ సన్యాసినుల మఠం. ఇవాళ మాత్రం అమ్మ అన్నది అక్షరాలా నిజమనిపించింది. పాప చదివే సెయింట్ మోర్ ఇంటర్నేషనల్ స్కూల్ నిజంగానే సన్యాసినులు మొదలుపెట్టిన బడి. బాటిల్ రిసెప్షన్‌లో ఇచ్చేసి, గేటు దగ్గర చెట్టు నీడలో నిలబడి అమ్మకు ఆ కథంతా చెప్పాను.

1872 జూన్‌లో మదర్ మతిల్ద్ రక్లో అనే ఫ్రెంచి సన్యాసిని మరో నలుగురు సిస్టర్లతో ఓడ దిగింది ఇక్కడ. అప్పటికి ఆవిడ వయసు 58. ఆ వయసుకు అమ్మ రిటైరై ఇంట్లో ఉంది. రక్లో అప్పటికే సింగపూర్‌లో ఇరవై ఏళ్లకు దగ్గరగా బడులూ అనాథ శరణాలయమూ నడిపింది. ఇక చాలని ఆగిపోవచ్చు. ఆగలేదు, భాష కూడా తెలియని దేశానికి వచ్చింది. ఆ రోజుల్లో ఇక్కడి జనం క్రైస్తవంలో చేరడం నేరం. ఆ నిషేధం బోర్డులు వీధుల్లోంచి తీసేసింది మరుసటి ఏడు, 1873లో. అంటే బోర్డులు ఇంకా నిలబడి ఉండగానే ఆవిడ ఇక్కడ పసిపిల్లల్ని చేరదీసి చదువు చెప్పడం మొదలుపెట్టింది. టోక్యో, యోకొహామాల మధ్య రైలు దారిని లాంఛనంగా ప్రారంభించింది కూడా ఆ ఏడు అక్టోబరులోనే. 1911లో, తొంభై ఆరేళ్ల వయసులో, ఈ ఊళ్లోనే కన్నుమూసింది.

"అంత పెద్దావిడ ఎవరి పిల్లల కోసమో అంత దూరం వచ్చిందా!" అంది అమ్మ. తర్వాత కాసేపు ఇద్దరం మాట్లాడలేదు.

ఇంటికి వెళ్లి మళ్లీ రావడం ఎందుకులే అని, బడి వదిలేదాకా బెరిక్ హాల్‌లో కూర్చున్నాను. 1930లో ఒక ఇంగ్లీషు వర్తకుడి కోసం కట్టిన ఇల్లు, ఇప్పుడు ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. ఎన్నిసార్లు వచ్చినా నాకు ఇక్కడ గుండె కొంచెం బరువెక్కుతుంది. ఇది చాలా ఏళ్లు సెయింట్ జోసెఫ్ బడి పిల్లల హాస్టల్. మేరియనిస్టులనే కాథలిక్ సంఘం బ్రదర్లు 1901లో మగపిల్లల కోసం పెట్టిన ఆ బడి 2000లో మూతపడింది. దాదాపు నూరేళ్ల బడి! చార్ల్స్ పెడర్సన్ చదివింది అక్కడే. తండ్రి నార్వే మనిషి, తల్లి జపనీస్, పుట్టింది కొరియాలో. ఎనిమిదేళ్లకు నాగసాకిలో ఒక కాన్వెంటు బడికి పంపారు, పదేళ్లకు తల్లి తీసుకొచ్చి సెయింట్ జోసెఫ్‌లో చేర్చింది. రసాయనశాస్త్రం మొదటి పాఠాలు అక్కడే విన్నాడు. 1987లో అదే శాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్నాడు. నేనెప్పుడూ ఆలోచించేది బహుమతి గురించి కాదు, ఆ తల్లి గురించే. రెండు దేశాల బిడ్డను ఏ బడిలో వేస్తే వాడు పరాయివాడు కాకుండా ఉంటాడా అని ఎంత వెతికి ఉంటుంది! పాపను ఎక్కడ చేర్చాలా అని మేమిద్దరం రాత్రుళ్లు లెక్కలు వేసుకున్న రోజులు గుర్తొచ్చాయి. ఒక బడి మూతపడితే పిల్లలు ఇంకో బడికి వెళ్తారు, నిజమే. కానీ పెద్దయ్యాక తిరిగి వచ్చి, "నేను ఇక్కడ చదివాను" అని ఏ గేటు ముందు నిలబడతారు?

మూడింటికి... కాదు, ఇంకాస్త దాటాక పాప వచ్చింది, చేతిలో ఖాళీ బాటిల్ ఊపుకుంటూ. ఒకప్పుడు ఆడపిల్లల బడి కదా ఇది, ఇప్పుడు మగపిల్లలూ ఉన్నారు. గేటు దగ్గర ఒకేసారి అయిదారు భాషలు వినబడతాయి. ఆ గోల నాకు చాలా ఇష్టం.

యమషిత పార్కు మీదుగా నడిచాం. 1923 సెప్టెంబరు 1 మధ్యాహ్నం పన్నెండింటికి రెండు నిమిషాల ముందు వచ్చిన భూకంపంలో కూలిన ఊరి శిథిలాలనే సముద్రంలో పోసి ఈ పార్కు చేశారు. ఆ రోజు గుట్ట మీద సిస్టర్ల కాన్వెంటు కూడా కూలిపోయింది. కొందరు సిస్టర్లు చనిపోయారు. మిగిలినవాళ్లు మళ్లీ కట్టారు, మళ్లీ పిల్లల్ని కూర్చోబెట్టి పాఠం చెప్పారు. పార్కు చివర మన భారతీయ వర్తకులు కట్టించిన నీళ్ల మంటపం ఉంది, భూకంపంలో తమను ఆదుకున్న ఊరికి కృతజ్ఞతగా. పాప దాని గోపురం కింద నిలబడి పైకప్పు రంగులు చూస్తూ ఉండిపోయింది.

రాత్రి పక్క మీద పడుకుని అడిగింది, "అమ్మా, సెయింట్ మోర్ అంటే ఎవరు?"

"మీ బడికి ఆ పేరు ఒక వీధి నుంచి వచ్చింది" అన్నాను. ఈ సిస్టర్ల పెద్ద ఇల్లు పారిస్‌లో సెయింట్ మోర్ వీధిలో ఉండేది. అందుకే జనం వాళ్లను సెయింట్ మోర్ అమ్మలు అని పిలిచేవాళ్లు. తర్వాత ఆ వీధికి పేరు మార్చేశారు.

"అయితే పేరు అక్కడ లేదు, మన దగ్గర ఉందా?"

ఫోన్ తీసి మ్యాపులో ఆ వీధి చూపించాను. వేళ్లతో పెద్దది చేసి, అటూ ఇటూ జరిపి, చివరికి దాని మీద ఒక నక్షత్రం గుర్తు పెట్టి సేవ్ చేసుకుంది. నేను లేచి బాటిల్ నింపి, గుమ్మం పక్కన దాని బూట్ల దగ్గర పెట్టి వచ్చాను.