సగం అయ్యేదాకా మరిగించిన నీళ్లు

వాడి పెదాల రంగు మారిందని ముందు పట్టుకున్నది నేను కాదు, మా పెద్దమ్మ. 2018 ఏప్రిల్. మిరప కల్లం నుంచి ఇంటికి పోతూ బాబుని ఒకసారి చూసిపోదామని వచ్చింది. చీరకి మిరపఘాటు ఉంటుందని లోపలికి రాకుండా గడప దగ్గరే నిలబడి, "ఏమే, వీడు నేరేడుపళ్లు తిన్నట్టున్నాడే" అంది నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు. అప్పటికి రెండు రోజులుగా నాకూ ఏదో తేడాగానే ఉంది. కొంచెం నల్లబడ్డాడు, ఎండాకాలం కదా అని సర్దిచెప్పుకుంటున్నాను. ఇల్లు దాటని రెండు నెలల పిల్లాడికి ఎండ ఎక్కడ తగిలిందన్న ఆలోచన మాత్రం రాలేదు.

మా పుట్టిల్లు పల్నాడులో ఒక ఊరు. అప్పటికి అదంతా గుంటూరు జిల్లాలోనే ఉంది. పురిటికి అక్కడికే వెళ్లాను. సిజేరియన్ అయింది, కుట్లు చీము పట్టాయి, పది రోజులు జ్వరంతో మంచం మీదే ఉన్నాను. ఈలోగా బాబుకి డబ్బా పాలు అలవాటు చేశారు. నేను లేచి కూర్చునేసరికి పాలు సరిగా పడలేదు, వాడికి పట్టుకోవడమూ రాలేదు. టిన్ను మీద తల్లిపాలే శ్రేష్ఠమని రాసి ఉంటుంది. 1992లో వచ్చిన చట్టం ప్రకారం అది రాయక తప్పదు. ఆ మాట మంచిదే. కానీ రాత్రి రెండింటికి టిన్ను మూత తీస్తూ దాన్ని చదివినప్పుడల్లా నన్నెవరో దెప్పినట్టుండేది.

అందుకే మిగతా వాటిలో ఎక్కడా లోటు రానివ్వకూడదని పట్టుదల. సీసాలు, పీకలు రోజుకు రెండుసార్లు ఉడకబెట్టేవాళ్లం. నీళ్ల సంగతి అమ్మ చూసుకునేది. ఇత్తడి గిన్నెలో నిండా నీళ్లు పోసి, అవి సగం అయ్యేదాకా మరిగించేది, కషాయం కాచినట్టు. "సగానికి దిగితే ఇంక ఏ పురుగూ బతకదు" అనేది. చల్లారాక పాత మెత్తటి పంచెగుడ్డతో వడకట్టి, మూతపెట్టి, దాని మీద ఒక రాయి పెట్టేది. ఇంతకంటే శ్రద్ధగా నీళ్లు కాచేవాళ్లు ఆ ఊళ్లో ఇంకొకరుండరు. ఇప్పటికీ అదే మాట చెబుతాను.

ఆ నీళ్లు మా పెరట్లో బోరువి. మా వైపు చాలా బోర్లు ఉప్పగానో చప్పగానో ఉంటాయి. మాది మాత్రం కొబ్బరినీళ్లలా తియ్యగా ఉంటుందని నాన్నకి మహా గర్వం. చుట్టాలు వస్తే కాఫీ కంటే ముందు ఒక చెంబు నీళ్లు ఇచ్చి, వాళ్ల మొహాలకేసి చూసేవాడు. పంచాయతీ కుళాయికి వచ్చేది సాగర్ కుడి కాలువ నీళ్లు. వాటిని చెరువుకి నింపి, వడపోసి, క్లోరిన్ కలిపి వదులుతారు. "ఆ చెరువు నీళ్లు గిన్నెలు తోముకోడానికే" అనేవాడు నాన్న. మనవడికి ఏ నీళ్లు వాడాలన్న ప్రశ్నే ఇంట్లో రాలేదు.

పెద్దమ్మ అలా అన్న సాయంత్రం వాడి గోళ్లు కూడా బూడిదరంగుకి తిరిగాయి. ఊళ్లో మందులిచ్చే ఆయన చూసి నెమ్ము చేసిందన్నాడు. ఒక సిరప్ ఇచ్చాడు. అంతకు మూడు రోజుల ముందు నుంచి వాడికి నీళ్ల విరేచనాలు కొంచెం అవుతున్నాయి, అవి చెప్పినా పట్టించుకోలేదు. తెల్లారి టౌన్లో ఒక పిల్లల ఆసుపత్రికి తీసుకెళ్లాం. రక్తంలో ఆక్సిజన్ ఎంత శాతం ఉందో చూపే క్లిప్పు కాలి బొటనవేలికి పెట్టారు, 85 చూపించింది. ఆక్సిజన్ పెట్టారు. అయినా 85 దగ్గరే ఉంది. గంటసేపు ఆ అంకెను చూస్తూ కూర్చున్నాను. కదల్లేదు. గుండెలో రంధ్రం అయి ఉండొచ్చు, గుంటూరు తీసుకెళ్లండి అన్నారు.

అంబులెన్స్ ఫిరంగిపురం దాటిందాకా అమ్మ ఆంజనేయస్వామి దండకం చదువుతూనే ఉంది. మా ఆయన హైదరాబాద్ నుంచి బయల్దేరాడు, పది నిమిషాలకోసారి ఫోన్. "ఇప్పుడెట్లా ఉన్నాడు?" అనడం, నేను "అట్లాగే ఉన్నాడు" అనడం. ఆ "అట్లాగే" అన్న మాటకి అర్థం ఏమిటో నాకే తెలియదు. విచిత్రమేమిటంటే వాడికి ఆయాసం పెద్దగా లేదు. మత్తుగా ఉన్నాడు, పాలు సగంలో వదిలేస్తున్నాడు, ఒళ్లు మాత్రం స్లేటు పలక రంగు.

గుంటూరులో పెద్ద డాక్టరమ్మ గుండె స్కానింగ్ చూసి గుండె బాగానే ఉందంది. మాకు ఊపిరి వచ్చింది. ఆమె మొహంలో మాత్రం టెన్షన్ తగ్గలేదు. మళ్లీ వాడి దగ్గరికొచ్చి, మడమ దగ్గర చిన్న గాటు పెట్టి, ఒక రక్తపు చుక్కని తెల్లటి గాజుగుడ్డ మీద వేసింది. నర్సు వేలి నుంచి ఇంకో చుక్క తీసి పక్కనే వేసింది. రెండింటినీ కిటికీ వెలుతురులో పట్టుకుంది. నర్సుది ఎర్రగా ఉంది. మా వాడిది పాత చింతపండు రంగు. నిమిషం, రెండు నిమిషాలు గాలికి ఊపింది. మామూలుగా నల్లటి రక్తం గాలి తగిలితే ఎర్రబడుతుందట. ఇది మారలేదు.

"ఏ పాలు పడుతున్నారమ్మా?"

"డబ్బా పాలు మేడం."

"నీళ్లు?"

"కాచి చల్లార్చినవే మేడం, సగం అయ్యేదాకా మరిగిస్తాం" అంది అమ్మ, మెప్పు కోసం ఎదురుచూస్తున్నట్టు.

"కాచడం కాదమ్మా. ఎక్కడి నీళ్లు?"

బోరు ఎంత లోతు, దగ్గర్లో మరుగుదొడ్డి గుంత ఉందా, గొడ్లచావిడి ఉందా, పొలాలకి యూరియా ఎంత వేస్తారు. అన్నీ నాన్ననే అడిగింది. మాది మేనరికమా అనీ అడిగింది, ఇలాంటి జబ్బు పుట్టుకతో వచ్చే రకం కూడా ఒకటుందట. కాదన్నాం. మా ఇంట్లో మగపిల్లలకెవరికైనా మందులు పడక రక్తం విరిగిపోవడం, కామెర్లు రావడం జరిగిందా అని కూడా అడిగింది. ఇవ్వబోయే మందు అలాంటి వాళ్లకి కీడు చేస్తుందని తర్వాత తెలిసింది. రక్తపరీక్షలో మెట్‌హీమోగ్లోబిన్, అంటే ఆక్సిజన్ మోయలేకుండా పాడైన హీమోగ్లోబిన్, 34 శాతం వచ్చింది. ఒక శాతం దగ్గర ఉండాల్సినది.

మందు పేరు మిథిలీన్ బ్లూ. సిరంజిలో చూస్తే బట్టలకి పెట్టే నీలిమందులా ఉంది. నాలుగైదు నిమిషాలపాటు మెల్లగా ఎక్కించారు. "నీలం ఎక్కిన పిల్లాడికి నీలం ఎక్కిస్తారేంటే" అని అమ్మ నా చెవిలో గొణిగింది. నేను వాడి పెదాల మీంచి కళ్లు తిప్పలేదు. ముందు నోటి చుట్టూ ఉన్న మసక తగ్గింది. తర్వాత చెవి తమ్మెలు. ముప్పావు గంటకి పెదాలు గులాబీ రంగుకి వచ్చాయి, వాడు గట్టిగా ఏడ్చాడు, ఆకలికి. ఆ రాత్రి గుడ్డలు ఆకుపచ్చ, నీలం కలిసిన రంగులో తడిశాయి. భయపడొద్దని ముందే చెప్పారు. అయినా ఒక గుడ్డ దాచుకున్నాను. ఎందుకో తెలియదు, ఇంకా ఉంది.

మర్నాడు రౌండ్స్ అయ్యాక డాక్టరమ్మ తీరిగ్గా చెప్పింది. ఎరువుల నుంచి, పేడ నుంచి, మరుగుదొడ్డి గుంతల నుంచి నైట్రేట్ అనేది భూమిలోకి దిగి బోరు నీళ్లలో కలుస్తుంది. రంగు లేదు, వాసన లేదు, రుచిలో తెలియదు. కడుపులో ఉండే కొన్ని బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తాయి. అది రక్తంలోని హీమోగ్లోబిన్‌ని పాడుచేస్తే ఇక అది ఆక్సిజన్ మోయలేదు. ఎంత ఆక్సిజన్ పెట్టినా అంకె కదలకపోవడం అందుకే. పెద్దవాళ్లలో పాడైన హీమోగ్లోబిన్‌ని ఎప్పటికప్పుడు బాగుచేసే ఎంజైము ఉంటుంది, నెలల పిల్లల్లో అది ఇంకా సరిగా తయారై ఉండదు. వాళ్ల పొట్టలో యాసిడ్ కూడా తక్కువ కాబట్టి ఆ బ్యాక్టీరియా సులువుగా పెరుగుతాయి. విరేచనాలు తోడైతే ఇంకా ఎక్కువ. తల్లి అవే నీళ్లు తాగినా పాలలోకి పెద్దగా రాదు. డబ్బా పాలు తాగే పిల్లాడికి మాత్రం ఒంట్లోకి పోయేదంతా ఆ నీళ్లే. అమెరికాలోని అయోవాలో బావి నీళ్లతో పాలు కలిపిన పిల్లలు ఇలాగే నీలం తిరగడం చూసి హంటర్ కామ్లీ అనే డాక్టరు 1945లోనే రాశాడట. అంత పాత సంగతి ఇన్నేళ్లుగా మా పెరటి దాకా ఎవరూ మోసుకురాలేదు.

"మరి కాచినా పోదా మేడం?" అంది అమ్మ.

"పోదమ్మా. నీళ్లు ఆవిరై పోతాయి, అది గిన్నెలోనే ఉండిపోతుంది. ఎంత మరిగిస్తే అంత చిక్కబడుతుంది."

అమ్మ ఇంకేమీ అడగలేదు. మంచం పక్కనున్న ఫ్లాస్కు మూత తిప్పుతూ, మళ్లీ బిగిస్తూ కూర్చుంది.

మేం ఆసుపత్రిలో ఉండగానే నాన్న ఊరెళ్లి, కడిగిన సీసాలో బోరు నీళ్లు పట్టి గ్రామీణ నీటి సరఫరా వాళ్ల ల్యాబ్‌లో ఇచ్చాడు. వారానికి కాగితం వచ్చింది. నైట్రేట్ లీటరుకి 172 మిల్లీగ్రాములు. పక్క గడిలో పరిమితి 45 అని ఉంది. సగానికి మరిగిస్తే ఎంతవుతుందో నేను లెక్క వేసుకున్నాను, పైకి మాత్రం అనలేదు. నాన్న బోరు దగ్గర నుంచి మరుగుదొడ్డి గుంత దాకా అడుగులు వేసి కొలిచాడు. పద్దెనిమిది. అటువైపు పెంటదిబ్బ ఇంకా దగ్గర. బోరు లోతు అరవై అడుగులు. ఆ తియ్యదనం గురించి ఆ తర్వాత ఆయన నోటివెంట ఒక్క మాట వినలేదు.

డిశ్చార్జ్ ముందు ఒక సిస్టర్ నాతో పాలు కలిపించి చూసింది. అందులోనూ తప్పులు బయటపడ్డాయి. మేం నీళ్లు పూర్తిగా చల్లారాక పొడి వేసేవాళ్లం. అలా కాదంది. పొడిలోనే క్రిములుండొచ్చు, అది శుభ్రంగా కనిపిస్తుందే తప్ప క్రిములు లేనిది కాదు. నీళ్లు తెర్లి, ఒక నిమిషం బాగా మరిగితే చాలు. దింపాక అరగంటలోపు, ఇంకా డెబ్బై డిగ్రీల పైన ఉండగానే పొడి వేయాలి. తర్వాత సీసాని చన్నీళ్ల గిన్నెలో పెట్టి చల్లార్చి, మణికట్టు లోపలివైపు ఒక చుక్క వేసి చూసుకుని పట్టాలి. కలిపాక రెండు గంటలు దాటితే పారబోయడమే. మా ఇంట్లో మిగిలిన పాలు గంటల తరబడి కిటికీలో ఉండేవి. చెంచా మట్టంగా కొట్టాలి, అదమకూడదు. డబ్బా పాలు వేడి చేస్తాయని అమ్మ అప్పుడప్పుడు నీళ్లు ఎక్కువ పోసేది. అదీ చెప్పాను. సిస్టర్ గట్టిగానే కేకలేసింది. పలచన చేస్తే ఒంట్లో ఉప్పు తగ్గి ఫిట్స్ వస్తాయట. వెక్కిళ్లకి చెంచాడు నీళ్లు పట్టడం కూడా ఆపించింది, ఆరు నెలల దాకా పాలు తప్ప ఎండాకాలమైనా నీళ్లక్కర్లేదని.

ఇక ఏ నీళ్లు? ఇంటికొచ్చాక అదే పెద్ద గొడవ. క్యాండిల్ ఫిల్టర్ కొందామన్నాడు మా ఆయన, దానికి నైట్రేట్ ఆగదు. యూవీ లైటు ఉన్నదైనా అంతే, క్రిములు చస్తాయిగానీ నీళ్లలో కరిగినది కరిగినట్టే ఉంటుంది. ఆర్వో అయితే తగ్గిస్తుంది, కానీ మెంబ్రేన్ పాతబడితే ఎంత తగ్గిస్తోందో కంటికి తెలియదు. ఊళ్లో ఇరవై లీటర్ల క్యాన్లు అమ్మే ప్లాంటు ఉంది. మినరల్ వాటర్ అని పేరు. వాళ్లదీ బోరే, పరీక్ష కాగితం చూపించమంటే రేపు రమ్మన్నారు. ఆ రేపు రాలేదు. చివరికి నాన్న తీసిపారేసిన పంచాయతీ కుళాయి నీళ్లే ల్యాబ్‌లో ఇచ్చాం. నైట్రేట్ 6. క్రిముల సంగతి మరిగించడం చూసుకుంటుంది. అలా గిన్నెలు తోముకునే నీళ్లు మనవడి పాలలోకి వచ్చాయి, తెల్లవారుజామున ఐదున్నరకి కుళాయి వదిలితే బిందె పట్టుకుని ముందు నిలబడేది నాన్నే.

ఆ సిస్టరే పట్టుబట్టి నా పాలు కూడా మళ్లీ మొదలుపెట్టించింది. రోజుకు ఎనిమిది, తొమ్మిదిసార్లు వాడిని రొమ్ముకి పెట్టుకోవడం, ఏడుపు, నా ఏడుపు. మూడో నెల చివరికి సగం పూటలు నా పాలతో గడిచాయి. పూర్తిగా ఎప్పుడూ రాలేదు, రాకపోయినా ఫరవాలేదని అప్పటికి అర్థమైంది. నెల తర్వాత చెకప్‌లో 99 చూపించింది. ఆ అంకె కూడా చాలాసేపు చూశాను.

బోరు మూయించలేదు. గొడ్లకీ, మొక్కలకీ వాడుతున్నారు. మోటారు స్విచ్చి పక్కన గోడ మీద నాన్న ఎర్ర పెయింటుతో స్వయంగా రాశాడు: "పసి పిల్లలకు ఈ నీళ్లు వాడ రాదు". చివర్లో చోటు చాలక "రాదు" కిందికి దిగిపోయింది.

2025 సంక్రాంతికి వెళ్లినప్పుడు మా వాడు ఆ అక్షరాలు కూడబలుక్కుని చదివాడు. ఒకటో తరగతి అప్పటికి. "పసిపిల్లలంటే ఎవరు తాతయ్యా?" అని అడిగాడు.

నాన్న వాడి తల నిమిరి, కుడితి బకెట్టు తీసుకుని గేదెల దగ్గరికి వెళ్లిపోయాడు.