శేషాచలంలో చిరుత, కణితి: వేళలు ఎంత కలుస్తున్నాయి?

చిరుత, కణితి (సాంబార్ జింక) ఒకే వేళల్లో తిరుగుతాయా అన్నది కెమెరా ట్రాప్ (జంతువు ముందుకొస్తే దానంతటదే ఫోటో తీసే కెమెరా) ఫోటోల మీది టైంతో లెక్కకట్టవచ్చు. కాబట్టి ముందు గడియారం సరిగ్గా ఉండాలి. బ్యాటరీలు మార్చినప్పుడు కొన్ని కెమెరాల్లో తేదీ, టైం మొదటికొస్తాయి. ఏఎం, పీఎం తారుమారైతే అర్ధరాత్రి చిరుత మిట్టమధ్యాహ్నం షికారు చేస్తుంది! పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ ఫోన్‌లో టైం చూపిస్తూ కెమెరా ముందు ఒక ఫోటో పడనివ్వండి.

కెమెరాను మోకాలెత్తులో, 40–50 సెంటీమీటర్ల దగ్గర, ఎండ ఎదురుగా పడకుండా కట్టాలి. మన ఎండాకాలంతో ఇంకో చిక్కుంది. సెన్సర్ పట్టేది జంతువు ఒంటి వేడికీ వెనకున్న నేల వేడికీ ఉన్న తేడాను. మే నెలలో బండలు కాలుతుంటే ఆ తేడా కరిగిపోయి, పగలు తిరిగేవి తప్పిపోతాయి. గ్రాఫ్ మాత్రం అవి రాత్రే తిరుగుతాయంటుంది. వేసవి లెక్కను చలికాలంతో కలపకపోవడమే మేలు.

ఒకే చోట ఒకే జాతి అరగంటలోపు మళ్లీ పడితే, సాధారణంగా ఒక్క నమోదుగానే తీసుకుంటారు. టైంను రోజులో భాగంగా మార్చి 2π (పై)తో గుణిస్తే రేడియన్లు (కోణాన్ని కొలిచే ప్రమాణం) వస్తాయి. వేళలు ఎంత కలుస్తున్నాయో లెక్కకట్టే, 'ఆర్' (గణాంకాల సాఫ్ట్‌వేర్)లోని ఓవర్‌ల్యాప్ ప్యాకేజీకి అవే కావాలి. ఆ కలయికను అంచనా వేసే సూత్రాల్లో, తక్కువ నమోదులున్న జంతువుకు 50 లోపే ఉంటే డెల్టా1, 75 దాటితే డెల్టా4 వాడాలి. అంచనా ఎంత అటూఇటూ కావచ్చో తెలియడానికి బూట్‌స్ట్రాప్ (ఉన్న నమోదుల్లోంచే మళ్లీ మళ్లీ నమూనాలు తీసి లెక్కకట్టడం) కనీసం 1,000 సార్లు నడపాలి.

వచ్చిన విలువ 0 అంటే వేళలు అసలు కలవలేదని, 1 అంటే పూర్తిగా ఒకటేనని. 0.8 వచ్చినంత మాత్రాన రెండూ ఎదురుపడ్డాయని కాదు. ఒకటి అలిపిరి వైపు, ఇంకొకటి తలకోన వైపు ఉండొచ్చు.