రైటింగ్‌లో ఫ్రేజల్ వర్బ్స్: నేను సాధన చేసిన పద్ధతి

ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ ప్రావీణ్య పరీక్షలోని రైటింగ్ విభాగానికి సిద్ధమవుతున్నప్పుడు, ఫ్రేజల్ వర్బ్స్‌ను (క్రియకు ఆఫ్, అవుట్, అప్ వంటి చిన్న మాట చేరి ఏర్పడే పదబంధాలను) అర్థాల పట్టికగా బట్టీ పట్టకుండా, ప్రతి క్రియనూ దాని కర్మతో సహా పూర్తి వాక్యంలో పెట్టి నోట్సు రాసుకున్నాను. చదివేటప్పుడు అర్థం తెలిస్తే చాలు గానీ, రాసేటప్పుడు కర్మ ఎక్కడ రావాలో తెలియకపోతే వాక్యం కుదరదు.

పుట్ ఆఫ్ అంటే వాయిదా వేయడం, కాల్ ఆఫ్ అంటే రద్దు చేయడం. ఇంతవరకు అందరికీ తెలిసిందే. పుట్ ఆఫ్ ద మీటింగ్ అని రాసినా, పుట్ ద మీటింగ్ ఆఫ్ అని రాసినా సరైనదే. కానీ మీటింగ్‌కు బదులు ఇట్ అనే సర్వనామం వాడితే, అది తప్పనిసరిగా మధ్యలోకి వచ్చి పుట్ ఇట్ ఆఫ్ అవుతుంది. లుక్ ఆఫ్టర్ (బాగోగులు చూసుకోవడం) అలా విడిపోదు కాబట్టి సర్వనామమైనా చివరనే వస్తుంది. బ్రేక్ అవుట్‌కు అసలు కర్మే ఉండదు. అందుకే యుద్ధం మొదలైందని చెప్పడానికి వార్ బ్రోక్ అవుట్ అనాలే తప్ప వార్ వాజ్ బ్రోకెన్ అవుట్ అనకూడదు. ఉత్తరాల చివర తరచుగా వాడే లుక్ ఫార్వర్డ్ టు తరువాత హియర్ కాదు, హియరింగ్ రావాలి. మన వాళ్ల రాతల్లో విరివిగా కనిపించే కోప్ అప్ విత్‌లో అప్ అనవసరం, తట్టుకోవడం అనే అర్థానికి కోప్ విత్ చాలు. (డిస్కస్ అబౌట్‌లోని అబౌట్ కూడా ఇదే కోవలోకి వస్తుంది.)

వ్యాసంలో ఫ్రేజల్ వర్బ్స్ వాడనే కూడదన్న సలహాతో నేను ఏకీభవించను. క్యారీ అవుట్ (నిర్వహించడం), సెట్ అప్ (నెలకొల్పడం), బ్రింగ్ అబౌట్ (కలిగించడం) వంటివి ఎంత గంభీరమైన వ్యాసంలోనైనా ఇమిడిపోతాయి; హ్యాంగ్ అవుట్ (సరదాగా కాలం గడపడం) వంటివి మాత్రం ఈ పరీక్షలో జనరల్ ట్రైనింగ్ అనే రకంలో స్నేహితుడికి రాసే ఉత్తరానికే నప్పుతాయి. రైటింగ్ మూల్యాంకనంలోని 4 ప్రమాణాలకూ సమాన ప్రాధాన్యం ఉంటుంది, వాటిలో పదసంపద ఒకటి. అక్కడ చూసేది మాటల సంఖ్యను కాదు, వాటిని సందర్భానికి తగినట్టు, కచ్చితంగా వాడారా అన్నది. కాబట్టి అనుమానం ఉన్న చోట పోస్ట్‌పోన్ వంటి ఏకపద క్రియను రాయడమే క్షేమం.

రెండు టాస్కులకూ కలిపి ఇచ్చే 60 నిమిషాల్లో చివరి కొద్ది నిమిషాలను సరిచూసుకోవడానికి మిగుల్చుకోండి. అప్పుడు సర్వనామాల స్థానంతో పాటు, సెట్ అప్ క్రియగా ఉన్నప్పుడు రెండు మాటలుగా, నామవాచకంగా ఉన్నప్పుడు ఒకే మాటగా లేదా హైఫన్‌తో కలిపి రాశారా అన్నది కూడా చూసుకోవాలి.