పొగ కాలంలో ఒక్క గది

2020 సెప్టెంబర్ 9న శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ఆకాశం నారింజ రంగుకి తిరిగిన ఫొటోలు ఇండియాలో మన బంధువులందరూ చూశారు. పట్టపగలు కార్లు లైట్లు వేసుకుని తిరిగాయి. చూడ్డానికి ప్రళయమే. కానీ ఆ రోజు ఫ్రీమాంట్‌లో మేము పీల్చిన గాలి కంటికి కనిపించినంత చెడ్డది కాదు. అడవి మంటల పొగంతా పైన ఉంది. సముద్రం మీంచి వచ్చే చల్లగాలి కింద పొరలా నిలిచి దాన్ని కాస్త ఆపింది. తర్వాతి రోజుల్లో ఆ పొగ నేలకి దిగింది. అప్పటికి ఆకాశం మామూలు బూడిద రంగుకి వచ్చేసింది, ఫొటోలు తీసేవాళ్ళూ లేరు. నా ఊపిరి బిగుసుకుపోయింది మాత్రం అప్పుడే.

ఆగస్టు 16, 17 తేదీల్లో పడిన పిడుగులకి అంటుకున్న మంటలవి. ఆ ఏడాది కాలిఫోర్నియాలో 40 లక్షల ఎకరాలకి పైగా కాలింది. శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టూ ఉన్న బే ఏరియాలో వరసగా 30 రోజులు 'స్పేర్ ది ఎయిర్' (గాలి బాగాలేదు, జాగ్రత్త) హెచ్చరిక నడిచింది. చిన్నప్పటి ఉబ్బసం పోయిందనుకుని బతుకుతున్న నాలాంటి వాళ్ళు ఆ నెలలో చాలామంది మళ్ళీ ఇన్‌హేలర్ పట్టారు.

అప్పుడు ఇద్దరు నాతో అన్న మాటలు ఇప్పటికీ మింగుడు పడవు.

ఒకటి మా పెద్దనాన్నది, ఫోన్లో. "కట్టెల పొయ్యి దగ్గర పెరిగినోళ్ళం, మనకి పొగేంటే అమ్మాయ్, అమెరికా వెళ్ళి మరీ సుకుమారం అయిపోయావు." ఆయన ప్రేమతోనే అన్నారు, ఆ సంగతి తర్వాత చెప్తాను. రెండోది వీడియో కాల్‌లో చూసిన డాక్టరుగారిది. వేలికి పెట్టుకున్న ఆక్సీమీటర్‌లో 96 చూపిస్తోందని చెప్పాను. "ఆక్సిజన్ బాగుంది కదా, మీరు వార్తలు ఎక్కువ చూస్తున్నట్టున్నారు, కంగారు తగ్గించుకోండి" అన్నాడు. కంగారు ఉన్న మాట నిజమే. ఊపిరి అందకపోతే ఎవరికి ఉండదు?

ఉబ్బసంలో ఆక్సిజన్ అంకె చివర్లో పడుతుంది. శ్వాసనాళాలు సగం మూసుకున్నా ఒళ్ళు వేగంగా ఊపిరి తీసి ఆ 96ని నిలబెట్టగలదు. ఆక్సీమీటర్ బాగుందంటే ఉబ్బసం బాగుందని కాదు. పైగా మనలాంటి చామనఛాయ, నల్లటి చర్మాల మీద ఆ పరికరం ఉన్నదానికంటే కాస్త ఎక్కువ చూపించే అవకాశం ఉంది. గోళ్ళకి రంగు ఉంటే, చేతులు చల్లగా ఉంటే అసలు నమ్మలేం. ఉబ్బసం ముదురుతోందని ముందుగా చెప్పేది పీక్ ఫ్లో మీటర్, ఎంత వేగంగా ఊదగలమో కొలిచేది. చిన్న ప్లాస్టిక్ గొట్టం, బ్యాటరీ కూడా అక్కర్లేదు. నిలబడి, నిండా ఊపిరి తీసుకుని, పెదాలు గట్టిగా బిగించి ఒక్క ఊపున ఊదాలి. మూడుసార్లు ఊది, వాటిలో పెద్ద అంకె రాసుకోవాలి. సరాసరి కాదు, పెద్దదే. బాగున్న రోజుల్లో మీ అత్యుత్తమ అంకె ఏదో తెలుసుకుంటే, అందులో 80 శాతం పైన పచ్చ, 50 నుంచి 80 పసుపు, 50 లోపు ఎరుపు. నా అత్యుత్తమం 400. అంటే 320 దిగితే మందు పెంచాలి, 200 దిగితే ఆలోచన మానేసి ఫోన్ చేయాలి.

పొగ నేలకి దిగిన ఆ రోజుల్లో ఒక రాత్రి నాకు 190 వచ్చింది. పక్కకి ఒరిగితే ఊపిరి అందదు, కూర్చుని ముందుకి వంగితే కొంచెం నయం. మా ఆయనకి ఏదో చెప్పబోతే వాక్యం మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవాల్సి వస్తోంది. గొంతు కింద గుంట, పక్కటెముకల మధ్య చర్మం ఊపిరి తీసినప్పుడల్లా లోపలికి లాగుకుంటోంది. నా దగ్గరున్న యాక్షన్ ప్లాన్ కాగితంలో (ఉబ్బసం పెరిగితే ఏం చేయాలో డాక్టరు రాసిచ్చేది) రాసినట్టు, ఇన్‌హేలర్‌కి తగిలించే స్పేసర్ గొట్టంతో నాలుగు పఫ్‌లు, ఇరవై నిమిషాలు ఆగి మళ్ళీ నాలుగు. (మీ కాగితంలో అంకెలు వేరే ఉండొచ్చు, మీ డాక్టరు రాసిందే పాటించండి.) ఇంతలో పిల్లికూతలు తగ్గిపోయాయి. మా ఆయన "హమ్మయ్య, తగ్గుతోంది" అన్నారు. నాకు భయం వేసింది అక్కడే. పిల్లికూతలు ఆగి ఊపిరి తేలికైతే మంచిది. కూతలు ఆగినా ఊపిరి తేలిక కాలేదంటే కూత వినిపించేంత గాలి కూడా లోపల ఆడడం లేదన్నమాట. పెదాలు నీలంగా మారేదాకా ఆగకూడదు. 911కి చేశాం.

అంబులెన్స్ వచ్చేదాకా చేసిన పని ఒక్కటే. ముక్కుతో రెండు అంకెలు లెక్కపెట్టేంత ఊపిరి, పెదాలు సన్నగా చేసి నాలుగు అంకెలంతసేపు బయటికి. అంకెలు గుర్తు రాకపోతే 'గోవిందా' అనుకుంటూ వదిలాను. ఏడుకొండలవాడికి నా లెక్క తెలుసు. లోపలి గాలి మెల్లగా బయటికి పోతే తప్ప కొత్త గాలికి చోటుండదు, ఇది శ్వాస వైద్యులు నేర్పే పద్ధతే. స్వామి పేరు నా సొంతం.

ఎమర్జెన్సీలో నెబ్యులైజర్, స్టెరాయిడ్, ఎక్స్‌రే, ఆ రోజుల్లో తప్పని కోవిడ్ పరీక్ష, అన్నీ మామూలే. అంబులెన్సులో వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళకి మాత్రం రుణపడి ఉన్నాను. ఆక్సిజన్ ఎంతో చూసుకుని ఊరుకోలేదు, నన్ను మాట్లాడమని ఎన్ని పదాలు వస్తున్నాయో విన్నారు. వీడియోలో కూర్చున్న పెద్దమనిషికి ఆ పాటి చెవి ఉంటే బాగుండేది.

ఇంటికొచ్చాక అసలు పని మొదలైంది. ఇల్లంతా శుభ్రం చేద్దామనుకోవడం చిల్లుకుండలో నీళ్ళు నింపడమే. పొగలో ప్రాణం తీసేది పీఎం 2.5, అంటే రెండున్నర మైక్రాన్లు, అంతకంటే చిన్న రేణువులు. తల వెంట్రుక మందం 70 మైక్రాన్ల దాకా ఉంటుంది. కిటికీ మూసినా రబ్బరు పక్కనుంచి, తలుపు కిందనుంచి వస్తూనే ఉంటాయి. అందుకే ఒక్క గది ఎంచుకోవాలి. కిటికీలు తక్కువ ఉన్నది, వంటింటికి దూరంగా ఉన్నది. పడకగది అయితే మేలు, రోజులో మూడో వంతు ఎలాగూ అక్కడే కదా. కిటికీ అంచులకి పెయింటర్లు వాడే నీలం టేపు (తీసినా రంగు ఊడదు), తలుపు కింద చుట్టిన తువ్వాలు. బాత్రూమ్ ఎగ్జాస్ట్ ఫ్యాన్ అవసరమైతే తప్ప వేయొద్దు. అది బయటికి తోసినంత గాలి ఇంకెక్కడినుంచో పొగతో సహా లోపలికి వస్తుంది. ఒకే గొట్టం ఉండే పోర్టబుల్ ఏసీదీ ఇదే తంటా. చల్లదనం ఇస్తూ పొగని పిలుస్తుంది.

ప్యూరిఫయర్ కొనేటప్పుడు పెట్టె మీద 'పొగ' కింద రాసిన సీఏడీఆర్ అంకె (నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల శుభ్రమైన గాలి ఇస్తుందో చెప్పేది) చూడాలి. అడవి మంటల పొగకి అది గది చదరపు అడుగులతో సమానంగా ఉండాలి. 12కి 12 గది అంటే 144. ఎనిమిది అడుగుల కప్పు ఉంటే గంటకి ఏడున్నర సార్లు గది గాలంతా వడగట్టినట్టు. అది కూడా ఫుల్ స్పీడులో ఇచ్చే అంకె. రాత్రి చప్పుడని తక్కువలో పెడితే సగం కూడా రాదు, కాబట్టి కొంచెం పెద్దదే కొనండి. ఓజోన్ వదిలే యంత్రాలు ఉచితంగా ఇచ్చినా వద్దు, ఓజోన్ ఉబ్బసాన్ని రెచ్చగొడుతుంది.

ఆ సెప్టెంబర్‌లో ప్యూరిఫయర్లు దొరకలేదు. మా పక్కింటాయన ఒక 20 అంగుళాల బాక్స్ ఫ్యాన్, మెర్వ్ 13 ఫిల్టర్ (సన్నటి రేణువుల్ని పట్టే రకం) ఒకటి తెచ్చి ఇచ్చాడు. ఫిల్టర్‌ని ఫ్యాన్ వెనక వైపు, గాలి లాగే వైపు పెట్టి, ఫిల్టర్ అంచు మీది బాణం ఫ్యాన్ వైపు చూసేలా నాలుగు పక్కలా టేపు వేయాలి. బాణం తిరగబడితే ఫిల్టర్ సరిగ్గా పని చేయదు. దాన్ని రూపొందించిన రిచర్డ్ కోర్సీ, జిమ్ రోసెంథాల్ పేర్లతో ఆ ఏడాదే ప్రచారంలోకి వచ్చిన పెట్టె ఇంకా మేలు. నాలుగు ఫిల్టర్లు గోడలుగా, బాణాలు లోపలికి, అడుగున అట్ట, పైన ఫ్యాన్ గాలి పైకి కొట్టేలా. ఒక్క ఫిల్టర్ అయితే ఫ్యాన్ ఊపిరాడక మూలుగుతుంది, నాలుగైతే సులువుగా లాగుతుంది. ఫ్యాన్ మూలల్లోంచి గాలి వెనక్కి కారిపోతుంది కాబట్టి, మధ్యలో 15 అంగుళాల గుండ్రటి రంధ్రం కోసిన అట్ట ఫ్యాన్ ముఖం మీద అంటించాలి. టేపు సందుల దగ్గర టిష్యూ కాగితం పట్టుకుంటే లోపలికి లాగుతున్న చోటు తెలిసిపోతుంది, అక్కడ ఇంకో పట్టీ వేయండి. 2012కి ముందు ఫ్యాన్లు వాడొద్దు, ప్లగ్గులో ఫ్యూజు ఉండదు. మామూలు రోజుల్లో నెలలు వచ్చే ఫిల్టర్ దట్టమైన పొగలో వారాల్లోనే నల్లబడుతుంది. గదిలోకి రాగానే కాలిన వాసన వస్తే మార్చే సమయం అయినట్టే.

ఇంత చేసి వంటింట్లో పోపు పెడితే మొత్తం వృథా. నూనె పొగలోనూ అవే సన్నటి రేణువులు ఉంటాయి, పైనుంచి ఎండుమిరప ఘాటు. మామూలు రోజుల్లో చిమ్నీ వేస్తాం, పొగ రోజుల్లో అదీ బయటి గాలిని లోపలికి లాగుతుంది. పోపు లేని పప్పు తినలేని ఇల్లు మాది. దానికి దొరికిన ఉపాయం: గాలి బాగున్న రోజున ఒకేసారి ఆవాలు, జీలకర్ర, ఎండుమిరప, ఇంగువ, గలగలమనేదాకా వేగిన కరివేపాకు నూనెలో వేసి, చల్లారాక సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టడం. ఉడికిన పప్పులో రెండు చెంచాలు కలిపితే చాలు. వెల్లుల్లి మాత్రం వేయొద్దు, నూనెలో నిలవున్న వెల్లుల్లిలో బాటులిజం (ప్రాణం తీసే ఆహార విషబాధ) కలిగించే బాక్టీరియా పెరగొచ్చు. మిగతా రోజులన్నీ రైస్ కుక్కర్ అన్నం, ఆవకాయ, పెరుగులో నానిన అటుకులు, పచ్చి పులుసు. చేదెక్కిన నోటికి ఆ పచ్చి పులుసు ఇచ్చిన హాయి ఏ మందూ ఇవ్వలేదు.

ఆ ఏడాది వినాయక చవితి ఆగస్టు 22న, సరిగ్గా పొగలోనే వచ్చింది. అగరొత్తి, సాంబ్రాణి, కర్పూరం, మూడూ మానేశాం. దీపం బదులు చిన్న ఎలక్ట్రిక్ దీపం. వినాయకుడికి ఏం లోటు జరగలేదు, ఉండ్రాళ్ళు, కుడుములు ఎలాగూ ఆవిరి మీద ఉడికేవే. పత్రి మీద పడిన బూడిదని రెండు నీళ్ళు మార్చి కడగాల్సి వచ్చింది. ఇంట్లో కూడా బూడిదని చీపురుతో ఊడవకండి, తడిగుడ్డతోనే తుడవండి. సన్నటి రేణువుల్ని పట్టే హెపా ఫిల్టర్ లేని వాక్యూమ్ ఆ రేణువుల్ని వెనకనుంచి మళ్ళీ గాల్లోకే వదులుతుంది. ఏక్యూఐ (గాలి నాణ్యత సూచిక, పెరిగేకొద్దీ చెడ్డ) 180 ఉన్న రోజున కింద లాన్‌లో లీఫ్ బ్లోయర్‌తో బూడిద లేపించిన మా అపార్ట్‌మెంట్ మేనేజర్ని తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆవిరి పట్టమని అందరూ చెప్తారు. ముక్కు దిబ్బడకి సరే, ఊపిరితిత్తుల్లోకి దిగిన రేణువుల్ని అది బయటికి తేలేదు, వేడి ఆవిరి కొందరికి ఆయాసం పెంచుతుంది కూడా. ఉప్పునీళ్ళతో ముక్కు కడుక్కుంటే మాత్రం ప్రాణం లేచొస్తుంది. కుళాయి నీళ్ళు తిన్నగా వాడొద్దు, కాచి చల్లార్చినవో డిస్టిల్డ్ నీళ్ళో కావాలి. బయటికి వెళ్తే ఎన్95 మాస్కు. ఒక పట్టీ తల పైభాగాన, ఒకటి చెవుల కింద మెడ మీద, ముక్కు దగ్గర తీగ రెండు చేతులతో నొక్కాలి. గడ్డం ఉంటే అంచు అతకదు. తడిపిన చేతిరుమాలు, కొంగు సన్న పొగని ఆపవు. కారులో రీసర్క్యులేషన్ నొక్కి ఉంచి, దూరం వెళ్తుంటే మధ్యమధ్య కాస్త బయటి గాలి తీసుకోవాలి, లేకపోతే లోపల కార్బన్ డయాక్సైడ్ పెరిగి నిద్ర మత్తు వస్తుంది.

ఇంట్లో బందీగా ఉన్నామనిపించకుండా కాపాడింది మ్యాపు. అమెరికా ప్రభుత్వం గాలి నాణ్యత చెప్పే ఎయిర్‌నౌ సైటులోని ఫైర్ అండ్ స్మోక్ మ్యాపులో గంటగంటకీ చూస్తుంటే, కొన్ని సాయంత్రాలు సముద్రపు గాలి తిరిగి అంకె 50 లోపుకి దిగేది. ఆ గంటలో అన్ని కిటికీలూ బార్లా తెరవాలి. మురికి గాలి పోతుంది, ఇల్లు చల్లబడుతుంది, పోపు కూడా పెట్టుకోవచ్చు. పర్పుల్ ఎయిర్ (జనం ఇళ్ళ దగ్గర పెట్టుకున్న సెన్సర్ల మ్యాపు) చూసేవాళ్ళు సెట్టింగుల్లో ఈపీఏ (అమెరికా పర్యావరణ సంస్థ) సవరణ ఉందో లేదో చూసుకోండి, లేకపోతే కట్టె పొగకి అది ఎక్కువ చూపించి భయపెడుతుంది. ఎండ మండిపోతుంటే మాత్రం, ఏసీ లేని ఇంట్లో పెద్దవాళ్ళని మూసిన గదిలో ఉంచకండి. వడదెబ్బ పొగకంటే ముందు చంపుతుంది. చల్లటి చోటికి తీసుకెళ్ళండి.

స్టెరాయిడ్ మాత్రలు ఉదయమే తిన్నాక వేసుకున్నాను. సాయంత్రం వేసుకుంటే నిద్ర రాదు. ఎప్పుడు వేసుకున్నా షుగర్ ఉన్నవాళ్ళకి షుగర్ పెరుగుతుంది. ఇప్పుడు జూన్ రాగానే రోజువారీ ఇన్‌హేలర్ మూడు నెలలకి సరిపడా తెచ్చుకుంటాను, మంటలు మొదలయ్యాక ఫార్మసీల్లో వరసలు పెరుగుతాయి. సాల్బుటమాల్ డబ్బా (ఇక్కడ ఆల్బ్యుటరాల్ అంటారు) వాడి రెండు వారాలు దాటితే ముందు గాల్లోకి నాలుగుసార్లు కొట్టి చూడాలి. ఎంత మిగిలిందో వెనక అంకెలో చూడండి, నీళ్ళలో తేల్చి చూసే పాత పద్ధతి తప్పు.

ఇక పెద్దనాన్న సంగతి. నేను ఆసుపత్రికి వెళ్ళానని తెలిసి ఆయనకి నోట మాట రాలేదు. అప్పుడు అడిగాను, పెద్దమ్మకి ఏళ్ళుగా ఉన్న దగ్గు సంగతేంటని. ముప్పై ఏళ్ళు కట్టెల పొయ్యి ఊదిన మనిషి. గుంటూరులో స్పైరోమెట్రీ (ఊపిరి ఊది చూసే పరీక్ష) చేయిస్తే సీఓపీడీ, అంటే శ్వాసనాళాలు శాశ్వతంగా ఇరుకైపోయే జబ్బు అని తేలింది. మన దేశంలో సిగరెట్ ముట్టని ఆడవాళ్ళకి ఆ జబ్బు రావడానికి వంట పొగ పెద్ద కారణం. ఈ మాట చెప్తే పెద్దనాన్న చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత దోమల చక్రాలు కూడా మానేశారు. ఒక చక్రం రాత్రంతా మూసిన గదిలో కాలితే అదీ పీఎం 2.5 పొగే, దోమతెర చాలు. పెద్దమ్మ ఇప్పుడు స్టెరాయిడ్ కలిసిన ఇన్‌హేలర్ వాడుతోంది. పీల్చాక నోట్లో నీళ్ళు పోసుకుని పుక్కిలించి ఉమ్మేయాలని ఎవరూ చెప్పలేదట, నాలుక మీద తెల్లటి పూత వస్తే మందు పడలేదని ఆపేయబోయింది. వీడియో కాల్‌లో పుక్కిలించి చూపించాను.