సర్కారు బడిలో జూన్ నెల: పేరు, పుట్టిన తేదీ, స్ట్రెంత్

ఏప్రిల్ 23న మూతపడ్డ బడులు జూన్ 12న తెరుచుకోవడం కొన్నేళ్లుగా మనకు అలవాటే. దానికి వారం ముందు నుంచే బడిబాట, అంటే పిల్లల్ని సర్కారు బడిలో చేర్పించే కార్యక్రమం. ప్రొఫెసర్ జయశంకర్ పేరు మీద నడుస్తుంది కాబట్టి, ఆయన పుట్టిన అక్కంపేట ఆత్మకూరు మండలంలోనే ఉంది కాబట్టి, మన హనుమకొండ, వరంగల్ వైపు దీనికి కాస్త హడావుడి ఎక్కువే. ఫ్లెక్సీ, డప్పు, ర్యాలీ, ఇంటింటికీ కరపత్రం. అవన్నీ రెండు వారాల్లో అయిపోతాయి. ఏడాది పొడవునా పనిచేసేది మాత్రం ఆ రెండు వారాల్లో అడ్మిషన్ రిజిస్టర్‌లో రాసిన గీతలే.

బడిలో ఎవరిని కదిపినా మొదట వినపడే మాట 'స్ట్రెంత్'. ఎంతమంది పిల్లలు అని. టీచర్ పోస్టు, బియ్యం, పుస్తకాలు, గ్రాంటు అన్నీ ఆ అంకెకే కట్టేసి ఉంటాయి. విద్యా హక్కు చట్టం షెడ్యూలు ప్రకారం ప్రాథమిక బడిలో 60 మంది వరకు ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 వరకు ముగ్గురు, 91 నుంచి 120 వరకు నలుగురు. అంటే 60 దగ్గర ఆగిన బడికి ఒక్క పాప చేరితే లెక్క ప్రకారం మూడో టీచర్‌ను అడగొచ్చు. సమగ్ర శిక్ష పథకం కింద వచ్చే స్కూల్ గ్రాంటుకూ ఇలాంటి మెట్లే ఉన్నాయి. 30 మంది వరకు ఏడాదికి 10,000 రూపాయలు, ఆపైన 100 వరకు 25,000, 250 వరకు 50,000, 1,000 వరకు 75,000. ఇందులో పదో వంతు శుభ్రతకే పెట్టాలి. సుద్దముక్కలు, కరెంటు బిల్లు, విరిగిన నల్లా, రిజిస్టర్లు అన్నీ దీంట్లోంచే కాబట్టి 29 మంది ఉన్న బడికీ 31 మంది ఉన్న బడికీ తేడా ఇద్దరు పిల్లలు కాదు, 15,000 రూపాయలు. అదీ డబ్బు మొత్తం వస్తే, టైముకు వస్తే.

అయితే గోడ మీద రాసుకున్న అంకె స్ట్రెంత్ కాదు. బడుల, పిల్లల వివరాలు ఎక్కించే సర్కారు పోర్టల్ యూడైస్ ప్లస్‌లో పేరుపేరునా ఎక్కితేనే లెక్క. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

ఒకటో తరగతికి వచ్చే పిల్లల సంగతి ముందు చూద్దాం. తెచ్చుకోవాల్సినవి పుట్టిన సర్టిఫికెట్, పాప ఆధార్, తల్లిదండ్రుల ఆధార్, కుల ధ్రువపత్రం ఉంటే అది, రెండు ఫొటోలు. ఏదో ఒకటి లేదని చేర్చుకోకుండా తిప్పి పంపకూడదు. వయసు రుజువు లేదన్న కారణంతో అడ్మిషన్ నిరాకరించొద్దని చట్టంలోనే ఉంది. ఇలా అన్నానని కాగితాలను తేలిగ్గా తీసుకోవద్దు. చేర్చుకోవడం ఒక ఎత్తు, పోర్టల్‌లో పేరు ఎక్కడం ఇంకో ఎత్తు.

పుట్టిన సర్టిఫికెట్‌లో ఎక్కువగా కనపడే లోపం పేరు గడి ఖాళీగా ఉండటం. ఆసుపత్రి నుంచి వివరాలు వెళ్లేనాటికి బిడ్డకు పేరు పెట్టరు కదా, 21వ రోజు తొట్టెల వేడుక అయ్యాక పేరు రాయించాలన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. ఏడాది లోపు పేరు చేర్పించుకుంటే రుసుము లేదు, 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుముతో చేర్పించవచ్చు. నగరంలో అయితే మున్సిపల్ కార్పొరేషన్, ఊళ్లో అయితే పంచాయతీ కార్యదర్శి. అసలు జననమే నమోదు కాకుండా ఏడాది దాటిపోయి ఉంటే మీసేవలో దరఖాస్తు పెట్టి ఆర్డీఓ ఉత్తర్వు తెచ్చుకోవాలి. జూన్ 11న మొదలుపెట్టే పని కాదది. ఇంకొక మార్పు కూడా గమనించండి. 2023 అక్టోబర్ 1న, ఆ తరువాత పుట్టిన పిల్లలకు బడిలో చేరేందుకు పుట్టిన తేదీ రుజువు జనన ధ్రువపత్రం ఒక్కటే. ఆ పిల్లలు ఇప్పుడు అంగన్‌వాడీ ఈడుకు వచ్చారు. వాళ్లు పలక పట్టేదాకా ఆగకుండా ఇప్పుడే సరిచూసుకోవచ్చు.

పుట్టిన తేదీ విషయంలో మన దగ్గర రెండు పాత అలవాట్లు ఉన్నాయి. మొదటిది జూన్ తేదీలు. బడి తెరిచేనాటికి ఐదేళ్లు నిండాలి కాబట్టి ఒకప్పుడు సార్లే వెనక్కి లెక్కగట్టి జూన్‌లో ఏదో ఒక తేదీ రాసేవాళ్లు. పాత రిజిస్టర్ తిరగేస్తే ఊళ్లో సగం మంది జూన్‌లోనే పుట్టినట్టు ఉంటుంది. రెండోది జనవరి 1. ఆధార్ తీసేటప్పుడు రుజువు చూపించకుండా ఏడాది మాత్రం చెబితే అదే పడింది. ఇప్పుడు సర్టిఫికెట్‌లో ఒకటి, ఆధార్‌లో ఒకటి, అంగన్‌వాడీ పుస్తకంలో ఒకటి ఉంటే ఏది రాయాలి? సర్టిఫికెట్‌లో ఉన్నదే. ఆ సర్టిఫికెట్‌తో ఆధార్‌ను సరిచేయించుకోవాలి. ఆధార్‌లో పుట్టిన తేదీ మార్పుకు మామూలుగా ఒక్క అవకాశమే ఇస్తారు, పేరుకు రెండు. ఆ ఒక్క అవకాశాన్ని తొందరపడి తప్పుడు తేదీకి వాడేస్తే తరువాత తిరగడమే తిరగడం.

పేర్ల గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే అపార్ దగ్గర ఆగిపోయేవాటిలో చాలావరకు ఇవే. అపార్ అంటే విద్యార్థికి ఇచ్చే 12 అంకెల నంబరు. తల్లి గానీ తండ్రి గానీ అంగీకార పత్రం మీద సంతకం చేస్తేనే తీస్తారు. పేరు, పుట్టిన తేదీ, ఆడ/మగ అనే మూడు వివరాలు యూడైస్‌లోనూ ఆధార్‌లోనూ అక్షరం తేడా లేకుండా ఉండాలి. అక్కడ మనవాళ్ల ఇంటిపేరు అడ్డం పడుతుంది. బడిలో ఇంటిపేరు ముందు రాస్తారు, ఆధార్ సెంటర్‌లో వెనక కొడతారు, ఇంకొకరు పొడి అక్షరంతో సరిపెడతారు. కొమురయ్య, ఐలయ్య, కట్టమల్లు లాంటి పేర్లను ఇంగ్లిషు అక్షరాల్లో ఎవరి చెవికి ఎలా వినపడితే అలా రాస్తారు. శ్రీనివాస్‌కు ఒక కాగితంలో వీ ఉంటుంది, ఇంకో కాగితంలో డబ్ల్యూ. మహబూబాబాద్, నర్సంపేట తండాల్లో బానోత్, బానోతు, గుగులోత్, గుగులోతు. తండ్రి ఆధార్‌లో ఒక తీరు, కుల ధ్రువపత్రంలో ఇంకో తీరు. పలికేటప్పుడు రెండూ ఒకటే, కంప్యూటర్‌కు మాత్రం ఇద్దరు మనుషులు.

దీనికి తేలికైన మందు ఒకటుంది. అడ్మిషన్ ఫారం నోటితో చెప్పి రాయించొద్దు. ఆధార్ సరిగ్గా ఉందని ముందు ఇంట్లోనే పుట్టిన సర్టిఫికెట్‌తో పోల్చుకుని, అందులో ఉన్నది ఉన్నట్టు కాగితం మీద పెద్ద అక్షరాల్లో రాసి సార్ చేతికివ్వండి. రాసిన తరువాత రిజిస్టర్‌లో ఆ గీత చూపించమని అడగండి. అడగడానికి మొహమాటం అక్కర్లేదు, చాలామంది హెచ్‌ఎంలు వాళ్లే పిలిచి చూపిస్తారు.

ఐదేళ్లు దాటిన పిల్లలకు వేలిముద్రలు, కంటిపాప అప్‌డేట్ చేయించకపోయినా ఆధార్ పనిచేయకుండా పోవచ్చు. ఐదేళ్లు నిండాక ఒకసారి, పదిహేనేళ్లు నిండాక ఇంకోసారి తప్పనిసరి. 5 నుంచి 7 మధ్య, 15 నుంచి 17 మధ్య చేయించుకుంటే రుసుము లేదు.

ప్రైవేటు బడి నుంచి వచ్చే పిల్లలది వేరే తంటా. ఫీజు బాకీ ఉందని పాత బడి టీసీ ఆపుతుంది. ఎనిమిదో తరగతి వరకు టీసీ ఆలస్యమైందన్న కారణంతో సర్కారు బడి చేర్చుకోకుండా ఉండటానికి వీల్లేదు. తొమ్మిది, పదికి టీసీ కావాల్సిందే. అసలు ముడి పోర్టల్‌లో ఉంది. పాత బడి ఆ విద్యార్థిని యూడైస్‌లో విడుదల చేయకపోతే పేరు అక్కడే ఉండిపోతుంది, కొత్త బడి తన ఖాతాలోకి తీసుకోలేదు. పిల్ల ఇక్కడ బెంచీ మీద కూర్చుని అన్నం తింటుంది, స్ట్రెంత్ మాత్రం అక్కడ. అందుకే వచ్చేటప్పుడు పాత బడి నుంచి 'పెన్' నంబరు, అంటే యూడైస్‌లో ఆ విద్యార్థికి ఉన్న శాశ్వత నంబరు, రాయించుకుని రావాలి. పాత ప్రోగ్రెస్ కార్డు మీద ఉన్నా సరే. ఆ నంబరు, పుట్టిన తేదీ ఉంటే కొత్త హెచ్‌ఎం విడుదల కోసం పోర్టల్‌లోనే అభ్యర్థన పెడతారు. వాళ్లు పలకకపోతే మండల విద్యాధికారి ఆఫీసులో పోర్టల్ వివరాలు (ఎంఐఎస్) చూసేవాళ్లను కలవాలి. పెన్ దొరకలేదని అదే పిల్లను కొత్త విద్యార్థిగా ఎక్కిస్తే రెండు నంబర్లు పుడతాయి, ఆ డూప్లికేట్‌ను తీయించడం మొదటి పనికన్నా కష్టం.

ఇక అన్నం. మధ్యాహ్న భోజనంలో ప్రాథమిక తరగతుల పిల్లకు 100 గ్రాముల బియ్యం, ఆరు నుంచి పైన 150. పప్పు 20, 30 గ్రాములు. కూరగాయలు 50, 75. నూనె 5, ఏడున్నర. పొద్దున హాజరు తీశాక వచ్చిన అంకెనే వంటమనిషికి చెబుతారు. 62 మంది వచ్చారనుకోండి, 6 కిలోల 200 గ్రాముల బియ్యం, కిలో 240 గ్రాముల పప్పు, 3 కిలోల 100 గ్రాముల కూరగాయలు, 310 గ్రాముల నూనె. పప్పు నీళ్లనీళ్లగా ఉందని పిల్లలు ఇంట్లో చెబితే వంటక్కతో గొడవ పెట్టుకునే ముందు ఈ లెక్క అడగండి. తలా 150 మిల్లీలీటర్ల గరిటె వేసినా 62 మందికి 9 లీటర్లకు పైనే పప్పు కావాలి. కిలోంబావు కందిపప్పుతో అది చిక్కగా కాదు గానీ తినేట్టు అవుతుంది. అరకిలోతో చేస్తే పసుపు నీళ్లే. పప్పు తగ్గడానికి కారణం చాలాసార్లు వంటమనిషి చెయ్యి కాదు, కిరాణా బాకీ. బిల్లులు నెలలు ఆలస్యమైతే కూరగాయలు, పప్పు అన్నీ ఆమె ఉద్దెర మీదే తేవాలి. 25 మంది వరకు ఒక వంటమనిషి, 100 వరకు ఇద్దరు, ఆపైన ప్రతి 100 మందికి ఒకరు చొప్పున ఉండాలి.

2015 జనవరి నుంచి మన బడుల్లో సన్నబియ్యం వండుతున్నారు. వానకాలంలో బస్తాలు గోడకు ఆనించి, నేల మీద పెడితే చెమ్మ పట్టి ముక్కపురుగు వస్తుంది. కింద చెక్కలు వేసి గోడకు జానెడు దూరంగా పెట్టాలి. పాత బస్తా అయిపోయాకే కొత్తది విప్పాలి. కొత్త బియ్యానికి ఎసరు తగ్గించకపోతే అన్నం ముద్ద అవుతుంది. బియ్యంలో అక్కడక్కడ కాస్త రంగు మారి, కడిగేటప్పుడు నీళ్లలో తేలే గింజల్ని ప్లాస్టిక్ బియ్యం అని ఏరి పారేయొద్దు. ఐరన్, ఫోలిక్ యాసిడ్, బీ12 కలిపి బియ్యప్పిండితో చేసిన గింజలవి, నూటికి ఒకటి చొప్పున కలిపినవి. వడ్డించే ముందు ఒక టీచర్ రుచి చూసి రిజిస్టర్‌లో రాయాలి. వారానికి మూడు గుడ్లు.

సెలవుల్లో నలభై తొమ్మిది రోజులు వాడని సింటెక్స్ ట్యాంకు సంగతి చాలాచోట్ల మరిచిపోతారు. నీళ్లు వదిలేసి, అడుగు పాచి బ్రష్‌తో రుద్ది, నింపాక 1,000 లీటర్లకు 4 గ్రాముల బ్లీచింగ్ పౌడర్. పొడిని నేరుగా ట్యాంకులో పోస్తే గడ్డకట్టి అడుగున కూర్చుంటుంది. ముందు బకెట్‌లో కలిపి, సున్నం అడుగుకు దిగాక పై నీళ్లు మాత్రమే పోయాలి. అరగంట ఆగి వాడుకోవచ్చు. నిరుడు తెరిచి వదిలేసిన పొడి వాసన పోతే పని కూడా పోయినట్టే.

ఇలాంటి పనులు ఎవరు చూడాలి అంటే ఇప్పుడు రెండు కమిటీలున్నాయి. విద్యా హక్కు చట్టం కింద వచ్చిన బడి యాజమాన్య కమిటీ (ఎస్‌ఎంసీ)లో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, మొత్తంలో సగం మంది ఆడవాళ్లు. 2024లో వచ్చిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీకి గ్రామ మహిళా సమాఖ్య అధ్యక్షురాలు చైర్‌పర్సన్, హెచ్‌ఎం కన్వీనర్. తాగునీరు, మరుగుదొడ్లు, కరెంటు, చిన్నచిన్న మరమ్మతులు దీని కిందికి వస్తాయి. యూనిఫాం కుట్టడం కూడా మహిళా సంఘాలకే ఇచ్చారు. కొలతలు తీసిన నాటికీ జూన్‌కూ మధ్య పిల్లలు పొడవవుతారు, అంచు మడత ఒక అంగుళం ఎక్కువ వదలమని కొలతలప్పుడే చెప్పడం మేలు. ఈ కమిటీల మీద నాకున్న అసంతృప్తి ఒక్కటే, తీర్మానం పుస్తకం చదవకుండా సంతకాలు పెట్టడం. మరుగుదొడ్డి కట్టినట్టు తీర్మానం ఉంటుంది, దానికి నీటి పైపు వేసినట్టు ఉండదు. రెండు నెలల్లో తాళం పడుతుంది.

పత్తి ఏరే రోజుల్లో, ఆ తరువాత మిర్చి ఏరే రోజుల్లో పరకాల, నర్సంపేట వైపు హాజరు పడిపోతుంది. మేడారం జాతర జరిగే ఏడాది మాఘంలో ములుగు వైపు చెప్పనక్కర్లేదు. పిల్లల్ని వెంట తీసుకుని వలస పోయే కుటుంబం బడిలో ఒకమాట చెప్పి పోతే చాలు. ఎనిమిది వరకు పేరు కొట్టేయకూడదు, తిరిగొచ్చాక అదే తరగతిలో కూర్చోబెట్టాలి. చెప్పకుండా పోతే పోర్టల్‌లో డ్రాపవుట్‌గా పడుతుంది.

పదో తరగతి పిల్లలున్న ఇళ్లకు ఇంకొక్క పని. పరీక్షకు ముందు బడి నామినల్ రోల్, అంటే పరీక్ష రాసే పిల్లల వివరాల జాబితా, పంపుతుంది. పేరు, తల్లి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, పుట్టుమచ్చలు అందులో ఎలా ఉంటే మెమోలో అలాగే అచ్చవుతాయి. మెమో వచ్చాక అక్షరం మార్చాలంటే హెచ్‌ఎం, డీఈఓ ఆఫీసు, హైదరాబాద్‌లో బోర్డు. కాబట్టి ఆ షీటు మీద సంతకానికి పిలిచిన రోజు కూలి పోయినా సరే వెళ్లండి. ఒక చేతిలో ఆధార్, ఇంకో చేతిలో పుట్టిన సర్టిఫికెట్ పట్టుకుని ఒక్కో అక్షరం వేలు పెట్టి చదివి, ఆ పేజీని ఫోన్‌లో ఫొటో తీసుకున్నాకే సంతకం.