నాలుగేసి, నలుగురికి

అలిపిరి మెట్లు 3,550, కొండలు ఏడు. "కొండకి ఎన్ని మెట్లు పడతాయో చెప్పు పాపా" అని మా అమ్మ మొన్న రాత్రి చింతపండులో గింజలు తీస్తూ అడిగింది. మెట్లు కొండకింత అని సమానంగా ఉండవు, ఆ సంగతి అమ్మకీ తెలుసు, నడిచి ఎక్కే మనిషి. లెక్క కోసం అడిగింది. మా పాప నాలుగో తరగతి. పలక మీద చకచకా వేసి, 57, శేషం 1 అంది.

అవ్వ పని ఆపకుండానే "57 చొప్పున ఏడు కొండలంటే నాలుగు వందలు కూడా కాలేదే, మిగతా మెట్లు ఎక్కడికి పోయినాయి?" అంది.

పలక తీసి చూశాను. 35లో 7 ఐదుసార్లు, సరే. తర్వాత 5 దించింది. 5లో 7 పోదు, అక్కడ సున్నా పెట్టాలి. పెట్టకుండా పక్కనున్న సున్నాని కూడా దించి 50 చేసి, ఏడేడులు నలభై తొమ్మిది, మిగిలింది 1 అని రాసేసింది. ఆ ఒక్క సున్నా లేక 507 కాస్తా 57 అయింది. "పోకపోతే సున్నా పెట్టాలి" అని స్కూల్లో చెప్పారట, ఎందుకో చెప్పలేదు. ఆ 35 అంటే 35 వందలని, కొండకి 5 వందలు ఇచ్చేశాక మిగిలినవి 5 పదులేనని, ఐదు పదుల్ని ఏడు కొండలకి పదేసి పంచలేం కాబట్టి పదుల చోట సున్నా వస్తుందని చెప్పకపోతే పిల్లకి ఎలా గుర్తుంటుంది? నిజంగా కోపం వచ్చింది నాకు.

పలక పక్కన పెట్టించి, అవ్వ తీసిన గింజల్లో 24 లెక్కపెట్టి నేల మీద పోశాను. ఇంకా పులుపు అంటుకుని వేళ్లకి జిగటగా తగులుతున్నాయి. "నలుగురికి పంచు" అన్నాను. నాలుగు చోట్ల తలా ఒకటి, మళ్లీ తలా ఒకటి వేసుకుంటూ పోయింది, ఒక్కొక్కరికి 6. గింజలన్నీ మళ్లీ కలిపేసి "ఇప్పుడు నాలుగేసి కుప్పలు పెట్టు" అన్నాను. ఈసారి ఒకేసారి నాలుగు తీసి ఒక కుప్ప, ఇంకో నాలుగు తీసి ఇంకో కుప్ప. 6 కుప్పలు. చేసిన పని వేరు, అడిగిన ప్రశ్న వేరు, పలక మీద మాత్రం రెండూ 24 ÷ 4. మన భాషలో ఈ తేడా ముందే ఉంది. నలుగురికి అంటే ఎందరికో తెలుసు, తలా ఎన్నో తెలియదు. నాలుగేసి అంటే ఎన్నో తెలుసు, ఎన్ని కుప్పలో తెలియదు. రెండేసి, మూడేసి అని రోజూ ఇంట్లో మాట్లాడుకునే పిల్లకి భాగహారం కొత్త విషయమేమీ కాదు, ఆ ÷ గుర్తే కొత్త.

తర్వాత 17 గింజలు, ఐదేసి. పాప రెండు కుప్పలు పెట్టి ఆపేసి, శేషం 7 అంది. "ఏడులో ఇంకో ఐదు లేదా?" అంటే తనే చూసుకుని మూడో కుప్ప పెట్టింది, 2 మిగిలాయి. శేషం ఎప్పుడూ భాజకం కన్నా తక్కువే ఉండాలని నేను వేరే చెప్పనక్కర్లేకపోయింది. సరిచూడ్డం కూడా అక్కడే అయిపోయింది, మూడైదులు పదిహేను, పైన రెండు, పదిహేడు.

ఆ 2ని ఏం చేయాలో మాత్రం లెక్క చెప్పదు, వస్తువు చెబుతుంది. 17 మంది చుట్టాలు వచ్చి ఆటోకి ఐదుగురు చొప్పున ఎక్కితే మూడు ఆటోలు చాలవు, ఆ ఇద్దరి కోసం నాలుగోది పిలవాలి. అదే 17 లడ్డూలు ఐదుగురికైతే తలా మూడు ఇచ్చి, మిగిలిన రెండూ ఐదేసి ముక్కలు చేసి తలా రెండు ముక్కలు పెడతాం. చింతగింజలైతే పక్కన పడేస్తాం.

సున్నాతో భాగిస్తే ఏమవుతుందని కూడా అడిగింది. 24 గింజల్లోంచి సున్నాయేసి తీయమన్నాను. ఉత్త చెయ్యి రెండు మూడుసార్లు పెట్టి తీసి, "ఎన్నిసార్లు తీసినా అయిపోవు కదమ్మా" అంది. అందుకే ఆ లెక్కకి జవాబు లేదన్నాను.

నిన్న స్కూలు నుంచి వస్తూనే అవ్వని శ్రీవారి మెట్టు దారిలో ఎన్ని మెట్లని అడిగి, 2,388 అని చెబితే తనే కూర్చుని వేసింది. 23లో 7 మూడుసార్లు, 28లో నాలుగు, 8లో ఒకటి. 341. మళ్లీ 341ని ఏడుతో గుణించి, ఒకటి కలిపి, 2,388 వచ్చాకే పలక అవ్వకి చూపించింది. "దీనికీ శేషం ఒకటే అవ్వా!"