తొలి అడుగుకు ముందు

మా పాపకు 17వ నెల వచ్చినా నడక రాలేదు. పాకలేదు కూడా. కూర్చున్న చోటి నుంచే ఒక కాలు మడిచి, చేత్తో నేలను నెట్టుకుంటూ ఇల్లంతా డేకేది. ఆ వేగం చూసి నవ్వుకునేవాళ్లం. "నువ్వూ ఆలస్యంగానే నడిచావురా, ఊరికే టెన్షన్ పడకు" అనేది అమ్మ. నిజమే, ఇలా డేకే పిల్లలు మిగతావాళ్ల కన్నా కాస్త ఆలస్యంగా నడవడం మామూలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఆరోగ్యంగా ఉన్న పిల్లలు 8 నెలలు దాటినప్పటి నుంచి 17న్నర నెలల దాకా ఎప్పుడైనా ఊతం లేకుండా నడక మొదలుపెట్టొచ్చు. నూటికి నలుగురు అసలు మోకాళ్ల మీద పాకనే పాకరు. వయసు ఒక్కటే చూసుకుంటే మాకింకా గడువుంది.

నాకు దిగులు పుట్టించింది వయసు కాదు. అంతకుముందు సోఫా పట్టుకుని తనంతట తాను లేచి నిలబడిన పిల్ల, ఆ పని మానేసింది. చంకల కింద పట్టుకుని నిలబెట్టబోతే కాళ్లు పైకి ముడుచుకునేది. పాదాలు నేలకు ఆనిస్తే ఏడ్చేది. డైపర్ మార్చేటప్పుడు కాళ్లు ఎత్తినా చిరాకే. రావాల్సింది ఆలస్యమైతే కొన్నాళ్లు చూడొచ్చు. వచ్చింది పోతుంటే చూస్తూ కూర్చోలేం కదా.

పిల్లల డాక్టర్ గారు "నడుస్తోందా?" అని అడగలేదు. ఏమేం చేస్తోందని అడిగారు. రెండు చేతులూ సమానంగా వాడుతోందా, పేరు పెట్టి పిలిస్తే తిరుగుతోందా, నెలలు నిండాకే పుట్టిందా. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకైతే కాన్పు కావాల్సిన తేదీ నుంచి వయసు లెక్కపెడతారట. తుంటి కీళ్లు తిప్పి చూశారు, కండరాల బిగువు చూశారు. తర్వాత పాప మణికట్టు పట్టుకుని, "ఇక్కడ ఎముక వెడల్పుగా ఉంది చూడండి" అన్నారు. చీలమండల దగ్గరా అంతే. బొద్దుగా ఉన్న పిల్లల్లో అది మామూలు కళ్లకు కనిపించదు.

రక్త పరీక్షలు రాశారు. కాల్షియం, ఫాస్ఫరస్, ఎముకలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్, విటమిన్ డి, థైరాయిడ్. వాటితోపాటు కండరాల జబ్బేదైనా ఉందేమోనని సీకే అనే పరీక్ష కూడా. రిపోర్టులు వచ్చేదాకా నా పరిస్థితి ఏం చెప్పను. ఆ రాత్రి ఫోన్‌లో కండరాల జబ్బుల గురించి ఒకదాని తర్వాత ఒకటి చదువుతూ కూర్చున్నాను. మా ఆవిడ ఫోన్ లాక్కుని దిండు కింద పెట్టుకుంది. పాప మాత్రం హాయిగా నిద్రపోయింది.

సీకే మామూలుగానే ఉంది. విటమిన్ డి బాగా తక్కువ, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ బాగా ఎక్కువ. మణికట్టు ఎక్స్‌రేలో ఎముక చివర నున్నగా ఉండాల్సిన అంచు లోపలికి గుంటపడి, చిరిగిన గుడ్డ అంచులా కనిపించింది. రికెట్స్ అన్నారు. విటమిన్ డి లేకపోతే తిన్న కాల్షియం ఒంటికి సరిగా పట్టదు. పెరుగుతున్న ఎముక గట్టిపడదు, కండరాలూ బలహీనపడతాయి. బరువు ఆనిస్తే నొప్పి. అందుకే కాళ్లు ముడుచుకునేది. దాన్ని మేం భయమనీ, మొండితనమనీ ఎన్ని పేర్లు పెట్టామో! తల్లిపాలలో విటమిన్ డి సహజంగానే చాలా తక్కువగా ఉంటుందని, పుట్టినప్పటి నుంచి చుక్కల మందు వేయమనేది అందుకేనని డాక్టర్ గారు వివరించారు.

మూడు నెలల పాటు రోజూ విటమిన్ డి చుక్కలు, కాల్షియం సిరప్. మోతాదు డాక్టర్ చెప్పిందే వేయాలి. త్వరగా నయమవుతుందని ఎక్కువ వేస్తే రక్తంలో కాల్షియం పెరిగిపోయి కిడ్నీలకు ముప్పు.

నడిపించే పని మాత్రం వెంటనే మొదలుపెట్టనివ్వలేదు. నొప్పి తగ్గేదాకా బలవంతంగా నిలబెట్టొద్దని ఫిజియోథెరపిస్ట్ గట్టిగా చెప్పింది. మొదట్లో కూర్చుని ఆడే ఆటలు, మోకాళ్ల మీద నిలబడే ఆటలు మాత్రమే. కొన్ని వారాలకు డైపర్ మార్చేటప్పుడు ఏడుపు ఆగింది. మాకు కనిపించిన మొదటి మార్పు అదే.

అప్పుడు అసలు పని మొదలైంది. పాదాలు నేలకు పూర్తిగా ఆనేంత ఎత్తున్న చిన్న పీట మీద కూర్చోబెట్టి, ముందు బల్ల మీద బొమ్మలు పెట్టేవాళ్లం. లేచి అందుకోవాలి, మళ్లీ కూర్చోవాలి. చూడటానికి ఏమీ లేదనిపిస్తుంది గానీ, తొడలకు బలం వచ్చేది ఈ లేచి కూర్చోవడంలోనే. తర్వాత సోఫా వెంట పక్కకు అడుగులు. బొమ్మను కొంచెం కొంచెం దూరం జరుపుతూ పోవడమే. ఆపైన సోఫాకూ కుర్చీకీ మధ్య ఖాళీ వదిలాం. ఒక చేయి ఇటు, ఒక చేయి అటు. ఆ ఖాళీని రోజురోజుకూ కాస్త పెంచాం. ఇంట్లో చెప్పులు, సాక్సులు లేకుండా ఒట్టికాళ్లతోనే ఉంచాం. వేళ్లు నేలను పట్టుకుంటేనే నిలకడ.

అందరూ చేసే పని ఒకటుంది, రెండు చేతులూ తల మీదికి లాగి పట్టుకుని నడిపించడం. అలా చేస్తే బరువు మన చేతుల మీద వేలాడుతుంది, తనకు తూకం తెలియదు. పట్టుకుంటే నడుము దగ్గర పట్టుకోవాలి. చక్రాల వాకర్ కొనమని సలహా ఇవ్వని చుట్టం లేడు. కొనలేదు. అది నడకను ముందుకు తేదు, పైగా మెట్ల మీంచి పడే ప్రమాదం. కెనడా 2004లోనే వాటి అమ్మకాన్ని నిషేధించింది.

మూడు నెలలు పూర్తయ్యే ముందు, ఓ సాయంత్రం, కుర్చీ వదిలేసి మా ఆవిడ వైపు అడుగు వేసింది. ఇంకోటి వేసి ఒళ్లో పడింది. నేను వంటగదిలో ఉన్నాను, చూడలేదు. మళ్లీ చేయించాలని చూస్తే మొహం తిప్పుకుంది. ఆ తర్వాత వారం పైనే అడుగు వేయలేదు, డేకడమే. చప్పట్లు కొట్టి గోల చేస్తే బెదిరి కూలబడేది, అందుకని ఎవరూ చూడనట్టు మా పనుల్లో ఉండేవాళ్లం. అలా వదిలేశాకే గది ఈ చివర నుంచి ఆ చివరికి వచ్చింది, చేతులు పైకెత్తి, కాళ్లు ఎడంగా పెట్టి.

మళ్లీ తీసిన ఎక్స్‌రేలో ఎముక అంచున తెల్లని గీత కనిపించింది, అది గట్టిపడుతున్న గుర్తట. కాళ్లలో కాస్త వంపు ఉంది. పెరిగేకొద్దీ సర్దుకుంటుందని అన్నారు, ఆరు నెలలకోసారి చూపించాలి. ఇప్పుడు రోజుకు 600 ఐయూ (విటమిన్ మోతాదుకు వాడే కొలత) విటమిన్ డి చుక్కలు కొనసాగుతున్నాయి. మధ్యలో మా తమ్ముడికి బాబు పుట్టాడు. వాడికి మొదటి వారం నుంచే రోజూ 400 ఐయూ చుక్కలు వేస్తున్నారు, సీసా అయిపోకముందే గుర్తుచేసే బాధ్యత నాకు అప్పగించారు.